కొలిమి ఆరని ఊరు, కళ తప్పిన కూడలి: భిలాయి నగర కేంద్ర పునరుద్ధరణపై ఒక విమర్శ

పారిశ్రామికానంతర నగరం అనే మాట నేడు ప్రణాళికా పత్రాలలో తరచుగా వినవస్తున్నది. కర్మాగారం మూతపడి, దాని చుట్టూ అల్లుకున్న వ్యాపారం క్షీణించి, నడిబొడ్డు బోసిపోయిన ఊళ్లకు పాశ్చాత్య దేశాల నగర శాస్త్రవేత్తలు పెట్టిన పేరు ఇది. పేరుతోపాటు చికిత్స కూడా సిద్ధంగా దొరుకుతుంది. ఒక మ్యూజియం, ఒక నదీతీర విహారస్థలం, బహుళ అంతస్తుల వాణిజ్య సముదాయం, వాటికి తోడు కొంత దీపాలంకరణ. ఛత్తీస్‌గఢ్‌లోని ఉక్కునగరం భిలాయి విషయంలో ఈ పేరునూ, ఈ చికిత్సనూ యథాతథంగా స్వీకరించడం ఎంతవరకు సమంజసమో విచారించడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఎందుకంటే భిలాయిలో కొలిమి ఆరలేదు.

1955 ఫిబ్రవరి 2న భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదిరింది. ఏడాదికి 10 లక్షల టన్నుల ఉక్కు తయారుచేయగల కర్మాగారాన్ని నెలకొల్పడం దాని లక్ష్యం. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. 1967 నాటికి సామర్థ్యం 25 లక్షల టన్నులకు, 1988 నాటికి 40 లక్షల టన్నులకు పెరిగింది. 70 లక్షల టన్నుల సామర్థ్యానికి విస్తరించి ఆధునికీకరించిన కర్మాగారాన్ని ప్రధానమంత్రి నరేంద్ర మోదీ 2018 జూన్ 14న జాతికి అంకితం చేశారు. ఒక్కొక్కటి 130 మీటర్ల పొడవున్న రైలు పట్టాలు నేడు ఇక్కడ తయారవుతున్నాయి. ఇది మూతపడిన కర్మాగారం కథ కాదని ఈ అంకెలే చెబుతున్నాయి.

కాని మరొక అంకె ఉన్నది. 1980ల మధ్యకాలంలో ఈ కర్మాగారంలో, దాని గనులలో కలిపి పర్మినెంటు ఉద్యోగుల సంఖ్య 60 వేలు దాటింది. నేడు అది సగానికి చాలా తక్కువ. ఉత్పత్తి పెరుగుతూ ఉండగా ఉద్యోగాలు తరిగిపోయాయి. 1990ల తరువాత నియామకాలు సన్నగిల్లడం, స్వచ్ఛంద పదవీ విరమణ పథకాలు రావడం, కొత్త యంత్రాలతో మనుషుల అవసరం తగ్గడం, మిగిలిన పనిలో పెద్ద భాగాన్ని కాంట్రాక్టు కార్మికులకు అప్పగించడం ఇందుకు కారణాలు. కనుక భిలాయి నగర కేంద్రానికి పట్టిన జబ్బు బిల్బావోకు, షెఫీల్డుకు పట్టిన జబ్బు కాదు. అక్కడ కర్మాగారమే పోయింది. ఇక్కడ కర్మాగారం ఉంది, దాని నుంచి ఊరి బజారుకు చేరవలసిన జీతం పోయింది. ఈ తేడాను గుర్తించని ఏ ప్రణాళిక అయినా గోడలకు సున్నం వేయడంతోనే ఆగిపోతుంది.

ఈ నగరపు అమరికను ఒకసారి పరిశీలిద్దాం. కర్మాగారపు టౌన్‌షిప్ సెక్టార్లుగా విభజితమైంది. సెక్టారుకొక బడి, అంగళ్లు, ఆటస్థలం, చెట్ల నీడన వరుసలు తీరిన క్వార్టర్లు. తొమ్మిదవ సెక్టారులో పెద్దాసుపత్రి. 1972లో సోవియట్ మైత్రికి గుర్తుగా వెలసిన మైత్రీబాగ్ ఉద్యానవనం, జంతుప్రదర్శనశాల. వీటన్నిటికీ నడుమ సివిక్ సెంటర్. అక్కడే మహాత్మాగాంధీ కళామందిర్, నెహ్రూ ఆర్ట్ గ్యాలరీ. ఇళ్ల కేటాయింపు ఉద్యోగ శ్రేణిని బట్టి జరిగిందే తప్ప కులాన్ని బట్టి, ప్రాంతాన్ని బట్టి జరగలేదు. ఒకే వరుసలో బిహారీ, మలయాళీ, బెంగాలీ, ఛత్తీస్‌గఢీ, తెలుగు కుటుంబాలు పక్కపక్కన కాపురముండేవి. వీరంతా ఒకరికొకరు కనబడే చోటు సివిక్ సెంటర్. దానిని కేవలం బజారుగా లెక్కించడం సరికాదు. నెల తిరిగేసరికి తప్పక చేతికందే జీతం, పిల్లల చదువు, వైద్యం, వృద్ధాప్యంలో భరోసా, ఇవన్నీ ఒక తరం కార్మికులకు తొలిసారి దక్కినప్పుడు వారు సాయంకాలం కుటుంబంతో కలిసి నడిచిన స్థలం అది. నగర కేంద్రానికి పునాది సిమెంటు కాదు, ఆ భరోసా.

అయితే ఇది నగరంలో సగం మాత్రమే. హౌరా నుంచి ముంబయి పోయే రైలు మార్గం ఈ ఊరిని రెండుగా చీలుస్తున్నది. మార్గానికి దక్షిణాన కర్మాగారం, సెక్టార్లు. ఉత్తరాన గ్రేట్ ఈస్టర్న్ రోడ్డు, ఆ రోడ్డు వెంట సుపేలా, పవర్‌హౌస్ బజార్లు, ఆ వెనుక క్యాంపులు. క్యాంప్-1, క్యాంప్-2 అనే పేర్లే వాటి పుట్టుకను చెబుతాయి. కర్మాగార నిర్మాణానికి వచ్చిన కూలీలకు వేసిన తాత్కాలిక నివాసాలవి. తాత్కాలికమన్నది మూడు తరాలు గడిచినా శాశ్వతంగా నిలిచిపోయింది. దక్షిణపు బజారును కర్మాగారం కట్టింది. ఉత్తరపు బజారు తనంత తానుగా పెరిగింది. నేడు క్రయవిక్రయాలు ఎక్కువగా సాగేది ఈ రెండవదానిలోనే. ఆశ్చర్యపడవలసింది లేదు. చిన్న కొట్టుకు, తోపుడుబండికి, అప్పుపుస్తకానికి చోటిచ్చేది ఈ బజారే కదా.

మన పాఠకులకు ఈ ఉత్తరపు వాడలతో ఉన్న బంధుత్వం విస్మరించరానిది. విజయనగరం నుంచి రాయగడ, టిట్లాగఢ్‌ల మీదుగా రాయ్‌పూర్ చేరే రైలు మార్గం శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం జిల్లాల నుంచి వేలాది కుటుంబాలను ఇక్కడికి చేర్చింది. మట్టి తవ్వడానికి, ఇటుక మోయడానికి వచ్చినవారున్నారు. తరువాత కర్మాగారంలో కుదురుకున్నవారున్నారు, గుమాస్తాలుగా, ఇంజనీర్లుగా వచ్చినవారూ ఉన్నారు. క్యాంపులలో, ఖుర్సీపార్‌లో నేటికీ ఉత్తరాంధ్ర యాస వినబడుతుంది. అయిదవ సెక్టారులోని బాలాజీ మందిరాన్ని నిర్వహించేది ఆంధ్ర సాహిత్య సమితి. సాహిత్య సమితి పేరిట దేవాలయం వెలయడం చూసి నవ్వుకొనవలసిన పని లేదు. ప్రవాసంలో భాష, భక్తి, బంధుత్వం మూడూ ఒకే కప్పు కింద తలదాచుకుంటాయి. ఈ తెలుగువారిలో కొందరు రైలు మార్గానికి దక్షిణాన స్థిరపడ్డారు, కొందరు ఉత్తరాన మిగిలారు. ఒకే ఊరి నుంచి వచ్చిన అన్నదమ్ముల సంతానం మధ్య కూడా ఈ రైలు పట్టాలు అడ్డుగా నిలిచిన ఉదాహరణలు ఇటువంటి నగరంలో అరుదు కావు.

ఈ అడ్డుగోడను గురించి లోతుగా రాసినవారు ఆంగ్ల మానవశాస్త్రవేత్త జొనాథన్ పారీ. 1990ల ఆరంభం నుంచి ఆయన భిలాయిలో సాగించిన పరిశీలనల ఫలితంగా 2020లో వెలువడిన బృహద్గ్రంథం 'క్లాసెస్ ఆఫ్ లేబర్'. భిలాయి శ్రామికులు తమ మాటల్లోనే 'నౌకరీ'కీ 'కామ్'కూ చేసే భేదం ఆ గ్రంథానికి ఇరుసు. నౌకరీ అంటే భద్రత గల ఉద్యోగం. కామ్ అంటే ఇవాళ దొరికి రేపు దొరకని పని. పర్మినెంటు కార్మికుడికీ, అదే కర్మాగారంలో అతని పక్కనే పనిచేసే కాంట్రాక్టు కార్మికుడికీ మధ్య దూరం ఒకే తరగతిలోని ఎక్కువ తక్కువల దూరం కాదనీ, అది రెండు తరగతుల మధ్య ఉన్న దూరమనీ పారీ వాదన. జీతంలోనే కాదు, ఇంటి అలంకరణలో, పిల్లల చదువులో, వివాహ సంబంధాలలో, చివరకు కష్టకాలంలో చేతికందే సాయంలో కూడా ఈ దూరం కనిపిస్తుందని ఆయన నిరూపించారు. ఈ పుస్తకం నగర రూపకల్పనను గురించి రాసినది కాదు. అయినప్పటికీ నగర కేంద్ర పునరుద్ధరణకు పూనుకొనే ప్రతి అధికారీ ముందుగా చదవవలసినది ఇదే అని నా అభిప్రాయం. బజారు ఎందుకు డీలాపడిందో ఏ భవన సర్వేకన్నా ఇది స్పష్టంగా చెబుతుంది. నౌకరీ ఉన్నవాడు వాయిదాల మీద బీరువా కొంటాడు, పుస్తకం కొంటాడు, నాటకానికి టిక్కెట్టు కొంటాడు. కామ్ మీద బతికేవాడు ఆనాటికి బియ్యం, నూనె కొంటాడు. సివిక్ సెంటర్‌ను మొదటివాడి కోసం కట్టారు. ఊరిలో మిగిలినవాడు ఎక్కువగా రెండవవాడు.

రెండవవాడు తన స్థితిని మౌనంగా అంగీకరించలేదన్నది కూడా చరిత్రే. దల్లీ-రాజహరా గనుల కాంట్రాక్టు కార్మికులను సంఘటితం చేసిన శంకర్ గుహా నియోగీ భిలాయి పరిసరాలలోని ప్రైవేటు పరిశ్రమల కార్మికుల పక్షాన ఉద్యమిస్తున్న కాలంలో, 1991 సెప్టెంబరు 28న, భిలాయిలోనే నిద్రలో ఉండగా హత్యకు గురయ్యారు. మరుసటి ఏడాది జూలై 1న పవర్‌హౌస్ రైల్వే స్టేషను వద్ద పట్టాలపై బైఠాయించిన కార్మికులపై పోలీసు కాల్పులు జరిగి పదిహేనుమందికి పైగా మరణించారు. వారి కోరికలలో ముఖ్యమైనవి ఉద్యోగ భద్రత, జీవించదగిన వేతనం. రెండు నగరాల సరిహద్దుగా ఉన్న రైలు మార్గమే ఆ ఘర్షణకు వేదిక కావడం కేవలం యాదృచ్ఛికమని నేను భావించను. నగర పటంలో ఆ స్థలానికి కేవలం రవాణా కూడలి అనే గుర్తు వేసి ఊరుకునే ప్రణాళిక ఆ ఊరిని ఇంకా చదవలేదన్నమాట.

పునరుద్ధరణకు నమూనాగా మన అధికారులు తరచుగా పేర్కొనే పేరు బిల్బావో. స్పెయిన్‌లోని ఆ ప్రాంతపు పెద్ద ఉక్కు కర్మాగారం 1996లో మూతపడగా, 1997లో గుగ్గెన్‌హైమ్ మ్యూజియం ప్రారంభమైంది. ఆ ఒక్క కట్టడమే నగరాన్ని నిలబెట్టిందన్న కథ ప్రపంచమంతటా ప్రచారం పొందింది. మ్యూజియానికి ముందే నదిని శుభ్రపరచే పథకం మొదలైందనీ, 1995లోనే మెట్రో రైలు నడిచిందనీ ఆ కథలో వినిపించదు. జర్మనీలోని రూర్ ప్రాంతం ఇంతకన్నా మంచి పాఠం. 1985లో ఆగిన మైడెరిష్ ఉక్కు కర్మాగారాన్ని కూల్చకుండా ఉద్యానంగా మార్చడం ఎమ్‌షర్ పార్క్ పథకంలో భాగం. ఆ పథకం 1989 నుంచి 1999 వరకు పదేళ్లు సాగింది. దాని దృష్టి ఒక్క కట్టడం మీద లేదు, మురికి కాలువగా మారిన నది మీద, కార్మికుల ఇళ్ల మీద, అనేక చిన్న ఊళ్ల మీద ఉన్నది. అయితే ఈ రెండు నమూనాలూ ఆరిన కొలుముల చుట్టూ అల్లినవి. వాటి నుంచి మనం ఓర్పును అరువు తెచ్చుకోవచ్చు, పటాన్ని తెచ్చుకోలేము.

మన దేశంలోనే, మన భాషవారికి సన్నిహితమైన ఉదాహరణలు రెండున్నాయి. ముంబయి గిరణ్‌గావ్ మొదటిది. తెలంగాణ నుంచి వెళ్లిన పద్మశాలీ కుటుంబాలెన్నో అక్కడి నూలుమిల్లులలో పనిచేశాయి. 1982 జనవరిలో మొదలైన సమ్మె తరువాత మిల్లులు ఒకటొకటిగా కూలబడ్డాయి. 1991 నాటి అభివృద్ధి నియంత్రణ నిబంధన ప్రకారం మిల్లు భూమిలో ఒక వంతు నగరపాలక సంస్థకు బహిరంగ స్థలంగా, ఒక వంతు ప్రభుత్వ గృహనిర్మాణానికి, మిగిలినది యజమానికి దక్కవలసి ఉన్నది. 2001లో చేసిన సవరణతో ఈ పంపకం ఖాళీ స్థలానికే పరిమితమైంది, కట్టడాలున్న భూమి లెక్కలోకి రాలేదు. దాంతో ప్రజల వాటా కుంచించుకుపోయింది. 2006లో సుప్రీంకోర్టు ఆ సవరణను సమర్థించింది. నిబంధనలో ఒక్క మాట మారితే ఒక నగర కేంద్రం ఎవరిదవుతుందో చెప్పడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కర లేదు. రెండవది వరంగల్ ఆజంజాహీ మిల్లు. 1934లో నిజాం ప్రభుత్వ కాలంలో వెలసి, వేలాది కుటుంబాలకు అన్నం పెట్టి, జాతీయ జౌళి సంస్థ చేతిలో మూతపడిన ఆ మిల్లు స్థలం కొంత ఇళ్ల ప్లాట్లుగా, కొంత ప్రభుత్వ అవసరాలకుగా చీలిపోయింది. మిల్లు జ్ఞాపకం నేడు ఎక్కువగా ముసలివారి మాటల్లోనే మిగిలింది. రెండు చోట్లా ప్రణాళిక భూమిని కొలిచింది. మనుషులను కొలవలేదు.

భిలాయిలో భూమి విషయం మరింత చిక్కుముడి. టౌన్‌షిప్ భూమి, క్వార్టర్లు, రోడ్లు ప్రభుత్వరంగ సంస్థ అయిన సెయిల్ అధీనంలోనివి. చుట్టూ ఉన్న ప్రాంతం 1998లో ఏర్పడిన నగరపాలక సంస్థ పరిధిలోకి వచ్చింది. ఆ తరువాత రిసాలీ ప్రాంతం విడిపోయి ప్రత్యేక నగరపాలక సంస్థ అయింది. 2000ల ఆరంభంలో కర్మాగారం కొన్ని ఇళ్లను ఉద్యోగులకు, విశ్రాంత ఉద్యోగులకు దీర్ఘకాల లీజుకు ఇచ్చింది. ఒకే వీధిలో లీజు ఇల్లు, ఉద్యోగి క్వార్టరు, పదవీ విరమణ తరువాత కూడా ఖాళీ చేయని ఇల్లు, మరమ్మతు లేక పాడుబడిన ఇల్లు పక్కపక్కనే కనబడడానికి ఇదే కారణం. 2025లో ఛత్తీస్‌గఢ్ శాసనసభ రాజధాని ప్రాంత అభివృద్ధి ప్రాధికార సంస్థ చట్టాన్ని ఆమోదించింది. రాయ్‌పూర్, నవా రాయ్‌పూర్, దుర్గ్-భిలాయిలను ఒకే ప్రాంతంగా ప్రణాళికలోకి తేవడం దాని ఆశయం. ఆశయం మంచిదే. కాని మూడు పీఠాల నడుమ ఉన్న ఊరిపైన నాలుగవ పీఠం వేసినంత మాత్రాన కాలువ ఎవరు తీయాలన్న తగువు తీరదు.

సంస్కృతిని నగర పునరుద్ధరణకు సాధనంగా వాడాలన్న సూచన ఇటీవల బలంగా వినిపిస్తున్నది. ఈ పత్రిక పాఠకులకు అది సంతోషం కలిగించే మాటే. అయితే భిలాయి ఈ విషయంలో ఎవరి దగ్గరా పాఠం నేర్వనవసరం లేదు. గనియారీ గ్రామంలో పుట్టిన పాండవానీ గాయని తీజన్ బాయి 1980లలో ఈ కర్మాగారంలోనే ఉద్యోగిని అయ్యారు. 2019లో ఆమెకు పద్మవిభూషణ్ లభించింది. సత్‌నామీ సంప్రదాయపు పంథీ నృత్యాన్ని దేశదేశాలకు చేర్చిన దేవదాస్ బంజారే కూడా ఈ కర్మాగారపు ఉద్యోగే. కర్మాగారం నిర్వహించే లోక్ కళా మహోత్సవం చుట్టుపక్కల పల్లెల కళాకారులకు వేదిక అయింది. ఇందులో ముఖ్యాంశం వేదిక కాదు. కళాకారుడికి శాలువ కప్పి పంపడం సులభం. ఉక్కు కర్మాగారం తన జీతాల పట్టీలో ఒక పాండవానీ గాయనికి స్థానం ఇవ్వడం సాంస్కృతిక విధానం. మన దేశంలో ఏ మంత్రిత్వశాఖా పత్రం మీద రాయకుండానే అమలైన విధానమది. నియామకాలు తగ్గిపోవడంతో ఆ ద్వారం కూడా మూసుకుపోతున్నది. తరువాతి తీజన్ బాయి కాంట్రాక్టు కూలిగా చేరితే, షిఫ్టు వదలి ప్రదర్శనకు వెళ్లిన రోజున ఆమెకు కూలి ఉండదు. కళామందిరపు కుర్చీలు మార్చే అంచనాలలో ఈ ఖర్చు ఏ పద్దులోనూ కనబడదు.

చదువు విషయంలోనూ ఇటువంటి వైరుధ్యమే. కర్మాగారపు బడులలో చదివిన పిల్లలు ఐఐటీ ప్రవేశ పరీక్షలలో సాధించిన ఫలితాల వల్ల ఊరికి మంచి పేరు వచ్చింది. 1990ల తరువాత శిక్షణ కేంద్రాలు నగరమంతటా వెలిశాయి, సివిక్ సెంటర్‌కు కొంత కొత్త రద్దీ తెచ్చిపెట్టాయి. మరోవైపు కర్మాగారం నడిపిన బడులు ఒకటొకటిగా మూతపడ్డాయి, కొన్ని విలీనమయ్యాయి. 2016లో మొదలైన భిలాయి ఐఐటీ ప్రాంగణం కుటేలాభాఠాలో నిర్మితమై 2024 ఫిబ్రవరి 20న జాతికి అంకితమైంది. విశాల ప్రాంగణానికి ఊరి వెలుపల చోటు చూడక తప్పదు, అందులో తప్పు పట్టవలసింది లేదు. కాని ఊరి పేరు పెట్టుకున్న విద్యాసంస్థకు ఊరి నడుమ ఒక గ్రంథాలయమో, ఒక సాయంకాల పాఠశాలో, కాంట్రాక్టు కార్మికుల పిల్లలకు యంత్రవిద్య నేర్పే ఒక శాలో ఉండరాదా? మూతపడిన బడి భవనాలు ఇందుకు అనువైనవి.

అయితే చేయవలసిందేమిటి? నా దృష్టిలో మొదటి అడుగు బజారులో కాదు, క్వార్టర్లలో పడాలి. ఉద్యోగుల సంఖ్య సగానికి పైగా తగ్గిన ఊరిలో ఇళ్లు మిగలక తప్పదు. మరోవైపు అదే కర్మాగారంలో షిఫ్టు చేసే కాంట్రాక్టు కార్మికుడు రైలు మార్గానికి అవతల ఇరుకు గదికి అద్దె కడుతున్నాడు. మరమ్మతుకు పనికివచ్చే చిన్న క్వార్టర్లను సరసమైన అద్దెకు ఈ కార్మికులకిస్తే, సివిక్ సెంటర్‌కు నడిచివెళ్లగల దూరంలో మళ్లీ కుటుంబాలు చేరుతాయి. దీనికి ఎదురయ్యే అభ్యంతరాలు తేలికైనవి కావు. కాంట్రాక్టు ముగిసిన తరువాత ఇల్లు ఖాళీ చేయించడం ఎలా, మరమ్మతుల ఖర్చు ఎవరిది, ప్రపంచ విపణిలో పోటీ పడే ఉక్కు సంస్థ ఊరి బాగోగులకు ఎంతకాలం ఖర్చు పెట్టగలదు అన్నవి న్యాయమైన ప్రశ్నలే. ఊరిని మోయడం సంస్థకు భారమైన మాట నిజం. కాని భారాన్ని దించుకొనే పేరిట భూమిని అమ్మకానికి పెడితే సంస్థకు ఒకసారి డబ్బు వస్తుంది, ఊరికి ఏనాటికీ రాదు. అద్దె నెలనెలా వస్తుంది. పైగా ఇంటి అద్దెను కాంట్రాక్టుతో కాక కార్మికుడి పేరుతో ముడిపెడితే, గుత్తేదారు మారినప్పుడల్లా కాపురం మారవలసిన దుస్థితి ఉండదు.

రెండవ అడుగు పట్టాలను దాటడం. అండర్‌బ్రిడ్జిలు కొన్ని ఉన్నాయి, అవి ప్రధానంగా వాహనాల కోసం. సెక్టార్ల నుంచి సుపేలాకు, పవర్‌హౌస్‌కు పాదచారి, సైకిలు కార్మికుడు, సంచి పట్టుకున్న ముసలమ్మ నిర్భయంగా దాటగల మార్గాలు కావాలి. రెండు బజార్లనూ పోటీదారులుగా గాక ఒకే నగర కేంద్రపు రెండు రెక్కలుగా భావించినప్పుడు, ఉత్తరాన తోపుడుబండ్లను తొలగించి దక్షిణాన వాణిజ్య సముదాయం కట్టే ఆలోచన ఎంత అసంగతమో తెలిసివస్తుంది. సివిక్ సెంటర్ దుకాణాల లైసెన్సుల కాలపరిమితి విషయం కూడా ఇక్కడే తేలాలి. రేపు ఏమవుతుందో తెలియని దుకాణదారుడు కొట్టుకు తలుపు కూడా మార్పించడు.

ఇనుప వ్యర్థాలతో చేసిన కృష్ణార్జున రథం ఒకటి సివిక్ సెంటర్‌లో నిలిచి ఉన్నది. పర్యాటక కరపత్రాలకు అది మంచి చిత్రం. రాబోయే ప్రణాళికకు మొదటి పుటలో మాత్రం ఆ చిత్రం కన్నా ఒక పట్టిక అవసరం. ఎన్ని క్వార్టర్లు నివాసయోగ్యం, వాటిలో ఎవరున్నారు, కర్మాగారపు ద్వారం గుండా ప్రతి షిఫ్టుకూ ఎంతమంది కాంట్రాక్టు కార్మికులు వెళ్తున్నారు, వారు రాత్రి ఎక్కడ నిద్రిస్తున్నారు, వారి కూలిలో అద్దెకు పోయేదెంత. కర్మాగారం దగ్గర సగం, నగరపాలక సంస్థల దగ్గర కొంత, కార్మిక శాఖ దగ్గర కొంత ఈ వివరాలు ఉండనే ఉంటాయి. వాటిని ఒకచోట చేర్చే బాధ్యత కొత్త ప్రాధికార సంస్థ మొదటి సమావేశపు కార్యక్రమంలో ఉండాలి, సలహాదారుల నియామకానికి ముందు.